కీళ్లవాతానికి ఏ వైద్యం? భిలాయి సెక్టర్ 2లో ఒక సంవాదం

రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అని వైద్యులు పిలిచే కీళ్లవాతాన్ని వయసు మీదపడి కీలు అరగడం వల్ల వచ్చే నొప్పితో చాలామంది కలిపేస్తారు గాని, రెండింటి పుట్టుక వేరు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ దారితప్పి, కీలు లోపలి గోడకు అస్తరులా అంటుకుని ఉండే సైనోవియం అనే పలుచని పొరను పరాయిదిగా భావించి దాడిచేస్తే, ఆ పొర వాచి, మందమై, పక్కనున్న మృదులాస్థిని, ఆ తరువాత ఎముకను కొరుక్కుతింటూ పోతుంది. రెండు మణికట్లు, వేళ్ల మొదటి కణుపులు, నడిమి కణుపులు, పాదాల ముందుభాగం ఇరువైపులా ఒకే తీరున వాయడం, పొద్దున లేచాక అరగంటకో గంటకో గాని పిడికిలి ముడుచుకోకపోవడం దీని తొలి గుర్తులు. భారతదేశంలో వయోజనుల్లో వెయ్యికి ఐదుగురి నుంచి ఎనిమిది మంది దాకా ఈ జబ్బుతో ఉన్నారని సర్వేల అంచనా. వారిలో స్త్రీల సంఖ్య పురుషులకు రెండు మూడు రెట్లు. వేరుతో సహా తీసివేసే మందు ఏ వైద్యం చేతిలోనూ ఇంకా లేదు కనుక, ఏ వైద్యాన్ని పట్టుకోవాలన్న ప్రశ్న ఈ జబ్బు విషయంలో ఇంటింటా తగవుగా మారుతుంది.

ఆ తగవును పరిశీలించడానికి భిలాయి ఉక్కునగరంలోని సెక్టర్ 2 అనువైన చోటు. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఫలించి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతులమీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన నాటినుంచి, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల కుటుంబాలెన్నో రాయగడ, టిట్లాగఢ్ మీదుగా సాగే రైలుమార్గాన్ని పట్టుకుని ఇక్కడికి చేరాయి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ నడిచే ఈ క్వార్టర్లలో ఒకే నొప్పికి మూడు పేర్లు వినిపిస్తాయి: అమ్మమ్మలు కీళ్లవాతం అంటారు, ఇరుగుపొరుగు గఠియా అంటారు, ఆయుర్వేద వైద్యుడు ఆమవాతం అంటాడు. అవకాశాలూ అలాగే ఉన్నాయి. ఉక్కు కర్మాగారం నడిపే జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి సెక్టర్ 9లో ఉంది; 2012లో మొదలైన ఎయిమ్స్ రాయ్‌పూర్‌లో ఉంది; బజారులో ఆయుర్వేద దుకాణాలున్నాయి; ఇవి చాలవన్నట్టు సొంతూరి నుంచి రైల్లో వచ్చే పొట్లాలున్నాయి.

ఈ సంవాదంలోని ఇద్దరు వ్యక్తులూ కల్పితులు. వారి ముందున్న చిక్కు మాత్రం నిత్యం కనిపించేదే. ఒకరు కర్మాగారంలో బట్టీల లోపలి గోడలకు అగ్ని ఇటుకలు పేర్చే రిఫ్రాక్టరీ విభాగంలో పనిచేసి విరమించిన ఫోర్‌మన్; వయసు 61, బీడీ అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు, ఆరు నెలలుగా వేళ్లు వాస్తున్నాయి. రెండవవారు ఆయన భార్యకు తమ్ముడు, ఆసుపత్రి మందుల కౌంటరులో మూడు దశాబ్దాలు గడిపిన ఫార్మసిస్టు. రక్తపరీక్షలో రుమటాయిడ్ ఫ్యాక్టర్, దానికన్నా కచ్చితమైన యాంటీ-సీసీపీ అనే ప్రతిరక్షకాలు ఎక్కువగా కనిపించాయి. ఎక్స్‌రేలో చేతి ఎముకలు బాగానే ఉన్నా, పాదం చిటికెనవేలి మొదట ఎముక అంచున చిన్న గంటు పడింది. వైద్యుడు మెథోట్రెక్సేట్ అనే మందు రాశాడు. ఫోర్‌మన్ ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకున్నారు. వాదం అక్కడినుంచి మొదలవుతుంది.

పూర్వపక్షాన్ని ఫోర్‌మన్ బలంగానే నిలబెట్టారు. ఆమవాతాన్ని ప్రత్యేక వ్యాధిగా గుర్తించి వర్ణించినది సుమారు క్రీస్తుశకం ఏడు, ఎనిమిదో శతాబ్దాల నాటి మాధవనిదానమనీ, జఠరాగ్ని మందగించినప్పుడు సరిగా పచనం కాని అన్నరసం, అంటే ఆమం, వాతంతో కలిసి కీళ్లలో చేరడమే దీనికి కారణమని అందులో ఉందనీ, చికిత్సాక్రమాన్ని పదకొండో శతాబ్దంలో చక్రపాణిదత్తుడు స్థిరపరచాడనీ ఆయన చెప్పారు. ముందు లంఘనం, అంటే తేలికపాటి ఆహారం లేదా ఉపవాసం. తరువాత స్వేదం, అంటే కాపడం. ఆపైన చేదు, కారపు రుచుల ఔషధాలు, విరేచనం, వస్తి, అంటే మలద్వారం గుండా ఇచ్చే మందు. ఈ జబ్బులో, ముఖ్యంగా ఆమం ఉన్న తొలిదశలో, నూనె మర్దన చేయరాదనీ, వేడిచేసిన ఇసుక మూటతో పొడికాపడమే పెట్టాలనీ శాస్త్రం చెబుతుండగా, కీలు నొచ్చిందనగానే నూనె రాసేవాళ్లకు అసలు ఆయుర్వేదమే తెలియదని కూడా ఆయన అన్నారు. ఆ చివరి మాటను ఎదుటిపక్షం ఖండించలేదు; ఖండించవలసిన అవసరమూ లేదు.

ఫార్మసిస్టు మొదటి సమాధానం మందు గురించి కాదు, పేరు గురించి. "బావగారూ, గఠియా అనే ఒక్క మాటలో ఎన్ని జబ్బులు దాక్కున్నాయో ముందు చూడాలి" అంటూ ఆయన ఒక్కొక్కటే విడదీశారు. బొటనవేలు ఎర్రగా వాచి రాత్రికి రాత్రే ఒళ్లు తెలియని నొప్పి పుట్టించే గౌట్‌కు కారణం యూరిక్ ఆమ్లం. మోకాళ్ల అరుగుదల ఆస్టియో ఆర్థ్రయిటిస్. చికున్‌గున్యా జ్వరం తగ్గాక కూడా నెలల తరబడి కీళ్లు వాయవచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో కొన్ని సముదాయాల్లో ఎక్కువగా కనిపించే సికిల్‌సెల్ రక్తవ్యాధిలోనూ ఎముకలు, కీళ్లు విపరీతంగా నొప్పిపెడతాయి. వీటన్నిటికీ ఒకే పొట్లం ఇచ్చేవాడు ఏ శాస్త్రానికి చెందినవాడైనా నమ్మదగినవాడు కాదనీ, పొరుగింటావిడకు ఒక కషాయంతో నొప్పి తగ్గిందన్న వార్త ఆవిడ జబ్బు ఏమిటో తెలిసినప్పుడే సాక్ష్యమవుతుందనీ ఆయన వాదం. ఫోర్‌మన్‌కు ఉన్నది రుమటాయిడే అన్న సంగతిని వాపు తీరు, రక్తపరీక్ష, ఎక్స్‌రే మూడూ కలిసి చెబుతున్నాయి కనుక, ఇద్దరూ ఒకే జబ్బు గురించి మాట్లాడుకుంటున్నారన్నంత వరకు ఒప్పందం కుదిరింది.

ఒప్పందం అక్కడితో ఆగింది. మెథోట్రెక్సేట్ కాన్సరు మందనీ, కీళ్ల నొప్పికి కాన్సరు మందు మింగమనడం చీమను చంపడానికి రోకలి ఎత్తడమేననీ ఫోర్‌మన్ ఆక్షేపించారు. ఈ ఆక్షేపణ ఆయన ఒక్కరిది కాదు. మందు పెట్టెలో మడిచి పెట్టిన కాగితం చదివిన ప్రతి ఇంట్లోనూ వినిపించేదే. దీనికి ఫార్మసిస్టు ఇచ్చిన సమాధానం ఒక తెలుగువాని జీవితం మీదుగా సాగింది.

భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో చదువుతూ స్వదేశీ ఉద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించి, ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, పూర్తి ఎంబీబీఎస్ పట్టాకు బదులు ఎల్ఎంఎస్ అనే చిన్న పట్టాతో సరిపెట్టుకున్నాడు. ఆ పట్టాతో ప్రభుత్వోద్యోగం దొరకక, మద్రాసులో ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించాడు. ఆయుర్వేద ఔషధాల శక్తికి ఆకర్షితుడై, వాటిని ఆధునిక పరిశోధనతో నిగ్గుతేల్చాలని తలపెట్టిన దశ అది. తరువాత అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లోనూ ఆపైన లెడర్లీ ప్రయోగశాలలోనూ పనిచేసి, రక్తం వృద్ధికి అవసరమైన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించాడు. ఆ ఆమ్లాన్ని పోలి ఉంటూనే దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ అనే పదార్థం ఆ పరిశోధన నుంచే వచ్చింది. దాన్ని 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తకాన్సరులో వాడి, అంతవరకు ఎవరూ చూడని ఉపశమనాన్ని చూపించాడు. దాని దగ్గరి చుట్టమే మెథోట్రెక్సేట్. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో, యాభైమూడో ఏట, కన్నుమూశాడు. అమినోప్టెరిన్ కీళ్లవాతంలో కూడా పనిచేస్తోందని గబ్నర్ అనే వైద్యుడు 1951లో గమనించాడు గాని, ఆ గమనిక మూడు దశాబ్దాలకు పైగా మూలనపడి ఉంది. పద్ధతిగా జరిగిన పరీక్షల ఫలితాలు 1985లో వెలువడి, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1988లో మెథోట్రెక్సేట్‌ను ఈ జబ్బుకు అనుమతించింది.

"అంటే, బావమరిదీ, ఆయుర్వేద కళాశాల గడప తొక్కినవాడే ఈ మందుకు మూలపురుషుడన్నమాట" అని ఫోర్‌మన్ వెంటనే అందుకున్నారు. ఈ మాటలో గెలిచిన ధ్వని ఉన్నా వాదబలం తక్కువ. సుబ్బారావు బోధించినది శరీరనిర్మాణశాస్త్రం, మెథోట్రెక్సేట్ ఏ మూలికలోనుంచీ రాలేదు. అయితే అదే చరిత్ర ఫార్మసిస్టుకు కూడా పూర్తి విజయం ఇవ్వదు. 1951లో కనిపించిన ప్రయోజనాన్ని మూడు దశాబ్దాలకు పైగా పక్కనపెట్టిన ఆధునిక వైద్యం, కనిపించిన ప్రతి వెలుగునూ వెంటనే పరీక్షించి చూస్తుందని గొప్పలు చెప్పుకోజాలదు. ఈ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తకపోవడం విశేషం.

కాన్సరు మందన్న ఆక్షేపణకు అసలు జవాబు మోతాదులో ఉంది. కాన్సరు చికిత్సలో మెథోట్రెక్సేట్‌ను ఒక్కోసారి వందల, వేల మిల్లీగ్రాముల్లో ఇస్తారు. కీళ్లవాతంలో వారం మొత్తానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములే, అదీ వారంలో ఒకే రోజున. అంత తక్కువ మోతాదులో అది కణాలను చంపడంకన్నా, అడినోసిన్ అనే సహజ పదార్థాన్ని వెలువరింపజేసి వాపును చల్లార్చే పనే ప్రధానంగా చేస్తుందని భావిస్తున్నారు. మరొక రోజున ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్ర నోటిపూతను, వికారాన్ని, కాలేయానికి కలిగే శ్రమను తగ్గిస్తుంది.

ఈ సందర్భంలో ఫార్మసిస్టు తన పక్షానికే ప్రతికూలమైన ఒక సత్యాన్ని దాచకుండా చెప్పడం ఆయన వాదానికి గౌరవం తెచ్చింది. వారానికి ఒకసారి వేసుకోవలసిన ఈ మాత్రను పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లుపడి, ఎముకమజ్జ దెబ్బతిని, రక్తకణాలు పడిపోయి ప్రాణం పోయే ప్రమాదం ఉంది. ఇలాంటి మరణాలు ప్రపంచంలో చాలాచోట్ల నమోదయ్యాయి. రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రల డబ్బాలోనే దీన్నీ పెట్టడం, చీటీలోని పొట్టి అక్షరాలను తప్పుగా చదవడం, జ్వరానికో మూత్రంలో మంటకో ఇచ్చే కోట్రైమాక్సజోల్‌ను దీనితో కలిపి వాడటం ఇలాంటి ప్రమాదాలకు తెలిసిన దారులు. మొదట్లో రెండు నాలుగు వారాలకొకసారి, తరువాత రెండు మూడు నెలలకొకసారి రక్తకణాల లెక్క, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించుకోలేని ఇంట్లో, మద్యం మానలేని మనిషికి, గర్భం దాల్చాలనుకునే స్త్రీకి ఈ మందు తగదని ఆయన స్పష్టంగా చెప్పారు. "చీటీ రాసినవాడు ఇవన్నీ చెప్పాడా?" అని ఫోర్‌మన్ అడిగినప్పుడు కొంతసేపు జవాబు రాలేదు.

ఆ మౌనంలో ఫోర్‌మన్ తన అత్యంత బలమైన సాక్ష్యాన్ని ముందుంచారు. కోయంబత్తూరులో జరిగి 2011లో ప్రచురితమైన ఒక పరీక్షలో 43 మంది రోగులను మూడు వర్గాలుగా చీట్లు తీసినట్టు విభజించి, ఒక వర్గానికి సంప్రదాయ ఆయుర్వేద చికిత్స, ఒక వర్గానికి మెథోట్రెక్సేట్, మూడో వర్గానికి రెండూ ఇచ్చారు. ఎవరికి ఏది అసలు మందో, ఏది మందులా కనిపించే ఉత్తి మాత్రో రోగికీ, కొలిచే వైద్యునికీ తెలియకుండా 36 వారాలు నడిపారు. చివరకు మూడు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఆయుర్వేదానికి రుజువు లేదనేవాళ్లు ఈ పరీక్షను చదవరేమని ఆయన ప్రశ్న.

ప్రశ్న న్యాయమైనది. ఆయుర్వేదంలో ప్రతి రోగికీ మందు మారుతుంది కనుక అలాంటి గుప్తపరీక్ష అసాధ్యమన్న పాత సాకును ఆ పరిశోధన తుడిచిపెట్టింది. ఫార్మసిస్టు కూడా దాన్ని తోసిపుచ్చకుండా దాని పరిమాణాన్ని మాత్రం కొలిచారు: మొత్తం 43 మందినే మూడు వర్గాలుగా పంచిన పరీక్షలో తేడా కనబడలేదంటే తేడా లేదని అర్థం కాదు, ఉన్నా పట్టుకునేంత పెద్ద వల కాదని అర్థం, పరిశోధకులే దాన్ని పెద్ద పరీక్షకు ముందు నడిపే తొలిప్రయత్నంగా పేర్కొన్నారు. అంతకన్నా ముఖ్యంగా, అక్కడ రోగిని చూసినవారు శిక్షణపొందిన వైద్యులు, వాడినవి తయారీ తెలిసిన ఔషధాలు, నెలల తరబడి కీళ్లను లెక్కించి నమోదు చేశారు. సొంతూరి నుంచి రైల్లో వచ్చే పేరులేని పొడికి ఆ పరీక్ష ఫలితాన్ని అంటగట్టడం, కర్మాగారంలో తయారైన రైలుపట్టా నాణ్యతను చూపించి పాతఇనుము అమ్మడం లాంటిదని ఆయన అన్నారు. ఉక్కునగరంలో ఈ ఉపమానానికి వివరణ అవసరం లేకపోయింది.

పేరులేని పొడి ప్రస్తావన ఊరికే రాలేదు. ఫోర్‌మన్ రెండు నెలలుగా వాడుతున్న పొట్లం మూడోరోజుకే వాపును మాయంచేసింది, ఆకలి పెంచింది, ముఖం నిండుగా చేసింది, మధ్యలో మానిన వారానికి నొప్పి రెట్టింపైంది. మూలికలు అంత వేగంగా పనిచేయవనీ, ఈ తీరు స్టెరాయిడ్‌దేననీ ఫార్మసిస్టు అనుమానించారు. లేబుల్ లేని పొడుల్లో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలపడం దేశంలో వైద్యులు తరచూ బయటపెట్టిన మోసం. దీర్ఘకాలం స్టెరాయిడ్ లోపలికి పోతే ఎముక పెళుసుబారుతుంది, షుగరు పెరుగుతుంది, శరీరం తన సొంత స్టెరాయిడ్‌ను తయారుచేసుకోవడం మానేస్తుంది. అందువల్ల అలాంటి పొడిని ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే, వైద్యునికి చెప్పి మెల్లగా తగ్గించుకోవాలి.

అయితే స్టెరాయిడ్ మోజును ముందు పుట్టించింది ఎవరన్న ఎదురుప్రశ్న ఫోర్‌మన్ నుంచి వచ్చింది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ 1948 సెప్టెంబరులో మంచానపడిన రోగికి కార్టిజోన్ సూదిమందు ఇచ్చి కొద్దిరోజుల్లోనే లేపి నడిపించడం, రెండేళ్లు తిరిగేసరికి 1950లో ఆ పనికి నోబెల్ బహుమతి రావడం, ఆ వెనుకనే ముఖాలు ఉబ్బి ఎముకలు విరిగిన రోగులు కనిపించడం ఆధునిక వైద్యచరిత్రలోని అధ్యాయాలే. ఫార్మసిస్టు ఒప్పుకున్నారు. నేటి పద్ధతిలో స్టెరాయిడ్‌కు మిగిలిన చోటు వంతెన వంటిది: మెథోట్రెక్సేట్ పట్టుకోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది కనుక ఆ మధ్యకాలాన్ని దాటించడానికి తక్కువ మోతాదులో ఇచ్చి, వీలైనంత త్వరగా తగ్గించి ఆపాలి. ఏళ్ల తరబడి ఆ వంతెన మీదే కాపురం పెట్టిన రోగులు మాత్రం భిలాయిలోనూ, బయటా చాలామందే ఉన్నారు. వాళ్లందరికీ పొడులమ్మేవాడే కారణమని చెప్పడం కుదరదు.

ఖర్చు విషయానికి వచ్చేసరికి ఇద్దరూ పక్షాలు మార్చుకున్నంత పనైంది. తన ఈడు మనిషికి ఇంకెవరో వైద్యుడు లక్షల ఖరీదు చేసే సూదిమందు చెప్పాడనీ, ఆధునిక వైద్యం చివరకు అక్కడికే తీసుకుపోతుందనీ ఫోర్‌మన్ భయం. వాపును ఎగదోసే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే ఈ జీవౌషధాలు 1998 నుంచి వాడకంలోకి వచ్చి ఎందరినో మంచం మీదినుంచి లేపాయి. వాటిలో ఒకటైన అడాలిముమాబ్‌కు దీటైన మందును 2014లో ఒక భారతీయ సంస్థ తయారుచేసి ధర తగ్గించింది. కాని 2013లో ప్రచురితమైన పరీక్షలో, మెథోట్రెక్సేట్ ఒక్కదానితో లొంగని 353 మంది రోగుల్లో కొందరికి జీవౌషధం జోడించి, మరికొందరికి సల్ఫాసలజిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే పాత చవక మాత్రలు రెండింటినీ జోడించి చూస్తే, 48 వారాల చివర మూడు మాత్రల పద్ధతి ఏమీ తీసిపోలేదు. పైగా టీఎన్ఎఫ్‌ను అణచినప్పుడు శరీరంలో నిద్రాణంగా ఉన్న క్షయ మేల్కొనే ప్రమాదం ఉంది కనుక, క్షయ విస్తారంగా ఉన్న దేశంలో ముందుగా దాన్ని వెదకకుండా ఆ సూది వేయరాదు. నోటిద్వారా వేసుకునే టోఫాసిటినిబ్ అనే కొత్త మాత్ర సంగతి ఇంకా సూటిగా ఫోర్‌మన్‌కే తగులుతుంది: యాభై దాటి గుండెజబ్బుకు కనీసం ఒక కారణం ఉన్న రోగులపై జరిగి 2022లో వెలువడిన పెద్ద పరీక్షలో, టీఎన్ఎఫ్ మందులు వాడినవారికన్నా ఈ మాత్ర వాడినవారిలో గుండెపోటు, కాన్సరు ఎక్కువగా కనిపించాయి. బీడీ మానని అరవైఒకటేళ్ల మనిషికి అది మొదటి మందు కాజాలదని ఫార్మసిస్టు తానుగా చెప్పారు.

బీడీ పేరు వచ్చింది గనుక, ఈ సంవాదంలో అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసే భాగం ఇదేనని చెప్పాలి. పొగ తాగడం ఈ జబ్బుకు నిర్ధారితమైన కారణాల్లో ఒకటి. జబ్బు వచ్చాక కూడా పొగ మానని వాళ్లలో మెథోట్రెక్సేట్ అంత బాగా పనిచేయదు. రాతి, ఇటుక దుమ్ములోని సిలికా రెండో కారణం. సౌత్ వేల్స్ బొగ్గుగని కార్మికుల ఎక్స్‌రేలు చూస్తూ 1953లో ఆంథొనీ కాప్లాన్ అనే వైద్యుడు, కీళ్లవాతం ఉన్నవారి ఊపిరితిత్తుల్లో ప్రత్యేకమైన గుండ్రని గడ్డలను గుర్తించాడు. సిలికా దుమ్ములో పనిచేసిన పురుషులకు ఈ జబ్బు ఎక్కువగా వస్తోందని స్వీడన్ పరిశోధకులు తరువాత లెక్కలతో చూపారు. కోక్ ఓవెన్ గోడలు సిలికా ఇటుకలతోనే కట్టినవి. పాత గోడ పగలగొట్టేటప్పుడు లేచే దుమ్ములో ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషి తన జబ్బుకు కారణం మందగించిన జఠరాగ్నిలోనే వెదుక్కుంటున్నాడు. ఫలానా మనిషి జబ్బు ఫలానా దుమ్ము వల్లనే వచ్చిందని చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. మందు మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించడం మాత్రం ఈ వృత్తివారికి రెండు విధాల అవసరం: దుమ్ము చేసిన చెరుపు తెలుస్తుంది, అరుదుగా మెథోట్రెక్సేట్ ఊపిరితిత్తులను దెబ్బతీస్తే పోల్చి చూడడానికి పాత చిత్రం ఉంటుంది.

వాదం తీరు మారినది ఫార్మసిస్టు చెప్పిన శాస్త్రంతో కాదు, ఫోర్‌మన్ వృత్తిలోని మాటతోనే. పాదం నొప్పిలేనప్పుడు పాదంలో గంటు పడిందన్న ఎక్స్‌రేను ఎందుకు నమ్మాలని ఆయన అడిగారు. "బ్లాస్ట్ ఫర్నేస్ అడుగుగోడ ఎంత అరిగిందో బయట నిలబడి చూస్తే తెలుస్తుందా, బావగారూ?" అని ఎదురుప్రశ్న వచ్చింది. పదిహేను వందల డిగ్రీల ద్రవలోహం లోపలి ఇటుకను తినేస్తున్నా బయటి రేకు మామూలుగానే ఉంటుంది కనుకనే, గోడలో అక్కడక్కడ ఉష్ణమాపకాలు పాతి, అంకెలు పెరిగిన చోట గోడ పలుచబడిందని లెక్కగడతారు. అంకె చూడకుండా బట్టీ ప్రశాంతంగా ఉందని సంతోషించే ఫోర్‌మన్ ఎంతోకాలం ఉద్యోగంలో ఉండడు. నొప్పిమాత్ర ఆ ఉష్ణమాపకం తీగను కత్తిరిస్తుంది, అరుగుదలను ఆపదు. ఒకసారి తినివేతకు గురైన ఎముకను తిరిగి నిండుగా చేయడం ఏ వైద్యానికీ చేతకాదు. ఇటుక మార్చినట్టు కీలు మార్చే శస్త్రచికిత్స ఒక్కటే అప్పుడు మిగులుతుంది.

ఇక్కడినుంచి ఫార్మసిస్టు అసలు విషయానికి వచ్చారు. గ్లాస్గోలో జరిగి 2004లో వెలువడిన పరీక్షలో సుమారు 110 మంది రోగులను రెండు వర్గాలు చేశారు. రెండు వర్గాలకూ అందుబాటులో ఉన్నవి అవే పాత మందులు. ఒక వర్గాన్ని మామూలుగా మూడు నెలలకొకసారి చూశారు; రెండో వర్గాన్ని ప్రతి నెలా పిలిచి, కీళ్లు లెక్కించి, నిర్ణయించుకున్న అంకెకు వాపు దిగకపోతే అప్పటికప్పుడు మోతాదు పెంచడమో, మరో మందు చేర్చడమో, కీలులోకి సూది వేయడమో చేశారు. ఏడాదిన్నర గడిచేసరికి మామూలు వర్గంలో నూటికి 16 మందిలో జబ్బు సద్దుమణిగితే, వెంటపడి చూసిన వర్గంలో నూటికి 65 మందిలో సద్దుమణిగింది. లక్ష్యం పెట్టుకుని వైద్యం చేయడమనే ఈ పద్ధతిని 2010లో అంతర్జాతీయ నిపుణుల బృందం సిఫారసుగా రూపొందించింది: జబ్బు పూర్తిగా అణగడం, లేదా కనీసం బాగా తగ్గడం లక్ష్యం, అది చేరేదాకా కనీసం మూడు నెలలకొకసారి మందును సవరించాలి. కొలతకు వాడే డాస్-28 అనే లెక్కలో చేతులు, మోచేతులు, భుజాలు, మోకాళ్లలోని 28 కీళ్లలో ఎన్ని వాచాయో, ఎన్ని నొక్కితే నొస్తున్నాయో, రక్తంలో వాపు సూచిక ఎంతో, రోగి తన స్థితిని తాను ఎంతగా అంచనా వేస్తున్నాడో కలిపి ఒక అంకె చేస్తారు, 2.6 కన్నా తక్కువైతే జబ్బు అణగినట్టు. ఆ 28లో పాదాల కీళ్లు లేవన్న లోపం ఉంది, ఫోర్‌మన్ విషయంలో అది చిన్న లోపమేమీ కాదు. అందుకే అంకెతో పాటు పాదం ఎక్స్‌రే కూడా మళ్లీ తీయించాలి.

ఏ వైద్యం అనే ప్రశ్న ఇలా ఎప్పటిలోగా, ఏ కొలతతో అనే ప్రశ్నగా మారిన తరువాత, ఫోర్‌మన్ తన పక్షాన్ని వదలకుండానే దాన్ని సవరించుకున్నారు. ఆయుర్వేద వైద్యుణ్ని కూడా అదే అంకె అడగవచ్చు కదా అన్నారు. అడగవచ్చు, అడగాలి కూడా. మూడు నెలల్లో వాచిన కీళ్లు ఇన్నికి తగ్గకపోతే దారి మారుద్దామని ముందే చెప్పగల వైద్యుడు ఏ శాస్త్రం చదివినా వినదగినవాడు. అయితే ఎముక అంచున ఇప్పటికే గంటు పడి, యాంటీ-సీసీపీ ఎక్కువగా ఉండి, పొగ అలవాటు ఉన్న రోగికి జబ్బు వేగంగా ముదిరే సూచనలన్నీ కూడి ఉన్నాయి కనుక, మొదటి మూడు నెలలను పెద్ద పరీక్షల్లో నిగ్గుదేలిన మందుకే ఇవ్వాలన్నది ఫార్మసిస్టు పట్టు. ఈ వ్యాసకర్త తీర్పు కూడా అటే మొగ్గుతుంది. పొడికాపడం ఉండవచ్చు, ఇసుక మూట బిగుసుకున్న వేళ్లకు హాయినిస్తుంది. తేలిక ఆహారం ఉండవచ్చు. ఆయుర్వేదంలో వాడే తిప్పతీగ మాత్రం వద్దని ఫార్మసిస్టు చెప్పారు. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు 2021లో ప్రచురించగా ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ నిర్ధారణను కాదన్నది. ఆ వివాదం ఎటు తేలినా, కాలేయం మీద ఇప్పటికే ఒక మందు పనిచేస్తున్నప్పుడు రెండో అనుమానాన్ని నెత్తికెత్తుకోవడం తెలివి కాదు.

అంతవరకు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వింటున్న ఇల్లాలు ఒకే ఒక్క ప్రశ్న వేశారు: మాత్ర ఏ వారం? శనివారం ఆయనకు ఉపవాసం, ఖాళీ కడుపున వికారం పుట్టవచ్చు. ఆదివారం చుట్టాలు వస్తే మరుపు. బుధవారం రాత్రి భోజనం తరువాత మెథోట్రెక్సేట్, శుక్రవారం ఫోలిక్ ఆమ్లం అని నిశ్చయమైంది. తమ్ముడు చెప్పినట్టు ఆ మాత్రను బీపీ మాత్రల డబ్బా నుంచి వేరుచేసి, పెట్టెమీద తెలుగులోనూ, కోడలికి తెలియడానికి హిందీలోనూ వారానికి ఒక్కసారే అని ఆమె రాశారు. ఫోర్‌మన్ గోడ క్యాలెండరు దించి పన్నెండో బుధవారాన్ని ఎర్రసిరాతో చుట్టి, ఆ రోజుకు అంకె దిగకపోతే బావమరిది తనతో కోయంబత్తూరు రైలెక్కాలని షరతు పెట్టారు. ఫార్మసిస్టు ఒప్పుకుని, అక్కడికి వెళ్లినా పాదం ఎక్స్‌రే వెంట ఉండాలనీ, అక్కడి వైద్యునికీ మూడు నెలల గడువే ఇవ్వాలనీ తన షరతు చేర్చారు. జేబులోని చీటీ అప్పుడు బయటికి వచ్చింది. బీడీకట్ట ఇంకా రాలేదు.